కాటన్ దొరగారును గోదావరి నీటిమట్టమును



ధవళేశ్వరము వద్ద గోదావరిలో నీటి ఎత్తును కొలుచు కొలబద్ద కలదు. జూలై, ఆగస్టు మాసములు వచ్చినప్పుడు లంకలలో కాపురముండు మన వారు ఉదయముననే ఒకరినొకరు అడుగునది, ఆ కొలబద్ద మీద నీరు ఎన్ని అడుగులున్నది అనియే. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. మూడవ హెచ్చరిక వచ్చినదన్నచో లంకవారు పశువులను, పిల్లలను తీసికొని గట్టు ఎక్కవలసినదే. ఫిబ్రవరి, మార్చి మాసములలోనైతే అదే నదిని గూర్చి మరియొక ప్రశ్న పుట్టును. పొట్టమీదనున్న వరికి శివారు కాలువలో నీరు వచ్చునా, రాదా?

ఒకే నది. ఆరు మాసములలో రెండు భయములు. ఈ రెండు భయముల నడుమ తన జీవితములోని శ్రేష్ఠమైన సంవత్సరములను వెచ్చించిన సర్ ఆర్థర్ కాటన్ గారిని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. ప్రతి మే 15వ తేదీన మన రెండు జిల్లాలలో ఆయన విగ్రహములకు పూలదండలు వేయుదురు. గుఱ్ఱముమీద కూర్చున్న ఆ దొర ఎవరో మన పిల్లలు ఎరుగుదురు గాని, ఆయన చేసినదేమని అడిగినచో ఆనకట్ట కట్టించెనని ఒక్క మాట చెప్పి ఊరకుందురు. ఆ ఒక్క మాటలో ఇమిడియున్నది కొంచెము విప్పి చూడవలెను.

ఆయన 1803 మే 15న ఇంగ్లండు దేశములో జన్మించిరి. హెన్రీ కాల్వెలీ కాటన్ గారి పదునొకండుగురు కుమారులలో పదవ వారు. 15 ఏండ్ల ప్రాయమున ఈస్టిండియా కంపెనీవారి అడిస్కోంబు సైనిక పాఠశాలలో చేరి, ఇంజనీరు పని నేర్చుకొని, 1821లో 18 ఏండ్ల యువకుడై మద్రాసునకు వచ్చిరి. మరుసటి సంవత్సరమే వారిని దక్షిణ జిల్లాల చెరువుల శాఖకు పంపిరి. కోయంబత్తూరు, మధుర, తిరుచిరాపల్లి, తంజావూరు సీమలలో చెరువు కట్టల వెంట తిరుగుటయే ఆయన మొదటి పని. బర్మా యుద్ధమునకు వెళ్లి వచ్చిరి. అడవి జ్వరములు ఆయనను పదేపదే పడగొట్టెను. యౌవనములోనే దేవుని వాక్యమును శ్రద్ధగా చదువుచు విశ్వాసములో స్థిరపడిన ఆయన, కడవరకు ఆ విశ్వాసమును దాచుకొనలేదు, ప్రదర్శించుకొననూ లేదు.

ఆయనకు నిజమైన గురువు కావేరీ నది అని మా అభిప్రాయము. అక్కడ ఏమి జరిగినదో కొంచెము నిదానముగా చెప్పవలెను, ఏలయనగా గోదావరి కథకు బీజమంతయు అక్కడ కలదు.

తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండు పాయలగును. ఒకటి తంజావూరు పొలములకు పోవు కావేరి, రెండవది నేరుగా సముద్రమునకు పోవు కొల్లిడము. కొల్లిడము పల్లముగా ఉండుటచేత నీరంతయు అటే జారిపోసాగెను. కావేరి పాయలో ఇసుక మేట వేసి, తంజావూరు సీమ యేటేట ఎండిపోవుచుండెను. కాటన్ గారు 1836లో కొల్లిడము మీద ఎగువ ఆనకట్టను, దిగువ ఆనకట్టను కట్టించి నీటిని మరల కావేరి వైపు త్రిప్పిరి. తంజావూరు రైతు ఊపిరి పీల్చుకొనెను. అయితే కొలది సంవత్సరములలో మరియొక చిక్కు బయలుదేరినది. ఇప్పుడు నీరు కావేరిలోనికి అధికముగా పోయి దాని అడుగును కోయసాగెను, కొల్లిడములో మేట పడసాగెను. అందుచేత 1843లో ఆనకట్ట నడిమి భాగమును తగ్గించి, 1845లో కావేరి తలవద్ద కూడ అడుగున కట్టడము కట్టవలసి వచ్చెను. నది మట్టమును ఒకచోట తాకినచో మరియొకచోట అది జవాబు చెప్పును. దీనిని ఆ కాలపు ఇంజనీర్లు పుస్తకములో గాక కావేరి ఇసుకలో నేర్చుకొనిరి.

కావేరి నేర్పిన పాఠము ఇంకొకటి కలదు. అక్కడ చోళరాజుల నాటి కల్లణై ఆనకట్ట వందలాది సంవత్సరములుగా నిలిచియున్నది. దాని క్రింద బండ లేదు, ఇసుకయే. లోతైన ఇసుక మీద రాయి పేర్చి నది ప్రవాహమునకు నిలుచునట్లు కట్టవచ్చునని సీమ విద్య ఆయనకు చెప్పలేదు, మన దేశపు పూర్వులు చెప్పిరి. ఆ పూర్వుల పనిని కాటన్ గారు బహిరంగముగా మెచ్చుకొనిరి. పరిపాలించు జాతివాడై యుండియు, పరిపాలింపబడు ప్రజల తాతలయొద్ద నేర్చుకొనుటకు సిగ్గుపడకపోవుట ఆ దినములలో సామాన్య సంగతి కాదు.

1841లో ఎలిజబెత్ లెర్‌మంతు అను క్రైస్తవ కన్యకను వివాహమాడి, కొంతకాలము విశాఖపట్టణములో పనిచేసిరి. అక్కడ సముద్రము పట్టణపు ఒడ్డును కోయుచుండగా సముద్రములోనికి రాతి గోడలు వేయించి దానిని నిలిపిరి, ఆరాధనకు ఒక ఆలయమును కట్టించిరి. అటుపిమ్మట 1844లో గోదావరి యొద్దకు వచ్చిరి.

అప్పటి మన సీమ ఎట్లుండెనో మన తాతముత్తాతలు మనకు చెప్పలేదు, చెప్పుటకు వారిలో అనేకులు మిగులలేదు. 1832-33లో నందన కరువు వచ్చెను. గుంటూరు సీమలో 5 లక్షల జనములో ఇంచుమించు 2 లక్షలమంది చనిపోయిరి. కరువు పోయిన కొలది ఏండ్లకు, 1839లో, తుపాను ఉప్పెనతో వచ్చి కోరంగిని ఊడ్చివేసెను. రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల జనముండగా 1841 నాటికి 5 లక్షల 61 వేలు మాత్రమే ఉండిరి. కొందరు చనిపోయిరి, కొందరు దేశము విడిచిపోయిరి. ఇదంతయు ఎక్కడ? దక్షిణ దేశములో నిండుగా పారు మహానది ప్రక్కన! నాసిక్కు దగ్గర త్ర్యంబకము మొదలుకొని 1465 కిలోమీటర్లు పారి వచ్చు నది ఎదుటనుండగా దప్పికతో చచ్చిన జనమును తలచినప్పుడు మా మనస్సు కలత చెందును.

కారణము నీరు లేకపోవుట కాదు. నీటిమట్టము లేకపోవుట. ఇది మన రైతు సోదరులు బాగుగా గ్రహింపగల సంగతి. మన డెల్టా భూమి తాబేటి వీపు వంటిది. నది గట్టున ఎత్తు, దూరము పోయినకొలది పల్లము. నదిలోని నీటిని గట్టుమీదికి ఎక్కింపగలిగినచో అది తనంతట తానే కాలువలలో పడి సముద్రపు ఒడ్డుదాక పోవును. వరదలో నీరు గట్టు దాటి వచ్చును గాని అది ముంచుటకే వచ్చును. వరద తీసినపిమ్మట నీరు గట్టుకు ఎంతో క్రిందికి దిగిపోవును. పైరుకు నీరు కావలసిన దినమున నది ఇసుక తిన్నెల నడుమ సన్నని పాయయై, చేతికి అందక, సముద్రములో పడుచుండెను. కాటన్ గారు అడిగినది నీరు కాదు, 12 అడుగుల ఎత్తు. నదికి అడ్డముగా అంత ఎత్తు రాతికట్ట వేసినచో వేసవి నీరు కూడ కాలువ ముఖమును అందుకొనును.

జిల్లా ఎందుకు క్షీణించుచున్నదో విచారించుటకు వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ గారు ఈ ఆలోచనను బలపరచిరి. కాటన్ గారు నదిని, భూమిని గుఱ్ఱముమీదను కాలినడకను తిరిగి కొలిచి నివేదిక పంపిరి. కంపెనీవారు కనికరముచేత ఒప్పుకొనిరని మేము వ్రాయజాలము. శిస్తు పడిపోవుచున్నది, ఆనకట్ట కట్టినచో శిస్తు పెరుగునని లెక్క చూపినందుననే ఒప్పుకొనిరి. అడిగినంత మంది అధికారులను, అడిగినంత ధనమును వారు ఒకసారియైన సులభముగా ఇచ్చినవారు కారు.

1847లో పని ఆరంభమాయెను. ధవళేశ్వరము వద్ద నది లంకలతో కలిసి ఇంచుమించు 4 మైళ్ల వెడల్పు. పిచ్చుకలంక, బొబ్బర్లంక మొదలైన లంకలు నదిని పాయలుగా చీల్చును. అందుచేత ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టను వేసిరి. రాయి ధవళేశ్వరము కొండనుండియే తీసిరి. ఇసుకలో బావులు దింపి పునాది వేసి, వాటిపైన రాతికట్టను పేర్చిరి. వరద తగ్గినది మొదలు మరల వరద వచ్చువరకే పని. జూన్ వచ్చినదనగా చేసినంతవరకు నదికి అప్పగించి, అది ఏమి మిగిల్చునోయని ఎదురుచూడవలసినదే. 1848లో కాటన్ గారి ఆరోగ్యము చెడిపోయి ఆస్ట్రేలియాకు పోవలసి వచ్చెను. కెప్టెన్ ఓర్ గారు పని సాగించిరి. 1850లో కాటన్ గారు తిరిగి వచ్చి, 1852లో ఆనకట్టను పూర్తిచేసిరి.

దొరలు చూపగా రాళ్లు తమంతట తాము లేచి నదిలో కూర్చుండలేదు. మన సీమ వాడైన వీణం వీరన్న గారు ఆ పనిలో కూలీలను సమకూర్చి, నడిపించి, కాటన్ గారికి కుడిచేయిగా ఉండిరి. ఆయనకు రాయబహద్దూరు బిరుదు వచ్చుటకు కాటన్ గారు వ్రాసిన మెప్పే కారణము. వీరన్న గారి క్రింద రాయి మోసిన వేలాది స్త్రీపురుషులకు బిరుదులు లేవు, పేర్లును నిలువలేదు. వారిలో అధికులు మాల, మాదిగ పేటలనుండియు, కరువు తిన్న పల్లెలనుండియు వచ్చినవారు. కట్ట పూర్తియైన పిమ్మట ఆ నీరు ఎవరి పొలములలో పారినదో, రాయి మోసిన చేతులకు ఎన్ని సెంట్ల భూమి దక్కినదో మన సంఘములలోని పెద్దలు ఎరుగుదురు. కాటన్ గారి గొప్పతనమును చెప్పుచు ఈ సంగతిని మింగివేయుట మాకు ఇష్టము లేదు.

అయితే ఆ కూలీల పాకలలోనికి వేరొక వర్తమానము వచ్చెను. 1836లో ఇంగ్లండునుండి వచ్చి నర్సాపురము ప్రాంతమున సేవ చేయుచున్న బౌడెన్, బీర్ అను సేవకులలో బౌడెన్ గారు ఆనకట్ట పని జరుగు దినములలో ధవళేశ్వరమునకు వచ్చి కూలీల నడుమ సువార్త ప్రకటించిరి. పని ముగిసి వారు తమ పల్లెలకు మరలిపోయినప్పుడు కొందరితో కూడ ఆ మాటయు పోయెను. ఈ సంచికను చదువు కుటుంబములలో కొన్నిటి విశ్వాసపు వేరు ధవళేశ్వరము ఇసుకలో ఉండవచ్చును.

ఆనకట్ట తరువాత వైనతేయ పాయమీద గన్నవరము వద్ద 49 కమానుల నీటివంతెన వేసి నగరము లంకకు కాలువను దాటించిరి. దాని కట్టించినవారు హేగ్ గారు, అప్పటికి ఇంకను చిన్న ఉద్యోగి. పిమ్మట ఆయన దుమ్ముగూడెము వద్ద పనిచేయుచు కోయ ప్రజలకు సువార్త లేదని దుఃఖించి, అక్కడ మిషను నెలకొల్పించిరి. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియాయెను. కాటన్ గారి ప్రతి ఆలోచనయు ఫలించెనని అనుకొనరాదు. గోదావరిలో పడవలను నాగపూరు సీమదాక నడుపవలెనని దుమ్ముగూడెము వద్ద ఆరంభించిన పనిని 1871లో విడిచిపెట్టిరి. తుంగభద్రనుండి కర్నూలు, కడపలకు తీసిన కాలువ కంపెనీకి నష్టమునే తెచ్చెను. రైలు కంటె కాలువయే దేశమునకు మేలని వాదించి, దేశపు నదులన్నిటిని కలుపవలెనని వ్రాసి, 1878లో పార్లమెంటు సంఘము ఎదుట తన లెక్కలను సమర్థించుకొనవలసి వచ్చెను. వాదనలో ఆయన పట్టు విడుచువారు కారు. కొన్నిట ఆయన అతిగా చెప్పిరని మేము తలంచుచున్నాము. గాని 1876-78లో ధాత కరువు వచ్చి మద్రాసు రాజధానిలో లక్షలమంది రాలిపోయినప్పుడు గోదావరి జిల్లా చావక నిలిచి, ఇతరులకు ధాన్యము పంపినది. దానికి ఎదురు వాదన లేదు.

ఇంతవరకు పాత కథ. ఇప్పుడు మన దినములకు వత్తము. కాటన్ గారు ఇచ్చిన ఆ 12 అడుగుల ఎత్తునకు నేడు ఏమి సంభవించుచున్నది?

పాత కట్ట నూరు సంవత్సరములకు పైగా పనిచేసి జీర్ణమాయెను. 1953 ఆగస్టు వరద దానిని ఎంతగానో పరీక్షించినది. 1970లో ఆరంభించి 1982 నాటికి క్రొత్త బ్యారేజి కట్టిరి. నాలుగు పాయలలో కలిసి 175 తలుపులు. దానికి కాటన్ గారి పేరే పెట్టిరి. దాని క్రింద ఇంచుమించు 10 లక్షల ఎకరములు సాగగుచున్నవి. ఇక్కడ మన వారిలో అనేకులు పొరపడు సంగతి ఒకటి కలదు. బ్యారేజి చెరువు కాదు. దానిలో నిలువయుండు నీరు 3 టి.ఎం.సి.లకు లోపే. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగులు; వినుటకు గొప్పగా ఉండును గాని, 10 లక్షల ఎకరముల వరికి 3 టి.ఎం.సి.లు కొన్ని దినముల నీరు మాత్రమే. బ్యారేజి మట్టమును నిలుపును, నీటిని పుట్టింపదు. నీరు పైనుండి రావలెను.

పైనుండి వచ్చునదెంత? వర్షకాలములో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు పొంగి వచ్చి లక్షల క్యూసెక్కులు సముద్రము పాలగును. ఆ దినములలో ఎవరును నీటికొరకు పోట్లాడరు. జనవరి దాటినపిమ్మట నది సన్నగిల్లును. ఎగువన మహారాష్ట్రలో పైఠాను వద్ద జయక్‌వాడి, తెలంగాణలో పోచంపాడు వద్ద శ్రీరాంసాగరు మొదలైన జలాశయములు తమ భూములకు నీరు నిలుపుకొనును. వేసవిలో అక్కడనుండి మనకు జారివచ్చునది స్వల్పము. నేడు మన దాళ్వా పంటను కాపాడుచున్నది చాలవరకు సీలేరు విద్యుత్ కేంద్రములనుండి విడువబడి శబరి గుండా వచ్చు నీరు. ఎక్కడో కొండలలో దీపము వెలుగుటకు త్రిప్పిన నీరు మన వరికి ప్రాణమగుచున్నది. అక్కడ విడుదల తగ్గినచో ఇక్కడ వంతులవారీ పద్ధతి పెట్టవలసినదే. వంతులు పెట్టినప్పుడు కాలువ తలవారికి నీరు ముందు, శివారువారికి కడపట.

నీటి తగవు క్రొత్తది కాదు. ఆదికాండము 26వ అధ్యాయములో ఇస్సాకు గెరారు లోయలో బావులు త్రవ్వించిన వృత్తాంతమును చదువుదుము. తన తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుతో పూడ్చివేసిరి. అతడు వాటిని మరల త్రవ్వించి, తండ్రి పెట్టిన పేర్లనే పెట్టెను. క్రొత్త బావి త్రవ్వగా గెరారు కాపరులు ఆ నీరు మాదేయని జగడమాడిరి. ఆ బావికి ఏశెకు అని పేరు. రెండవ దానికిని జగడము. దానికి శిత్నా అని పేరు. మూడవదానికి జగడము లేకపోయెను, దానికి రహెబోతు అని పేరు. గోదావరి మీదను ఏశెకులు, శిత్నాలు అనేకములు కలవు. 1980లో బచావత్ గారి న్యాయసంఘము రాష్ట్రముల నడుమ ఈ నదిని పంచి తీర్పు ఇచ్చినది. మహారాష్ట్రవారి బాబ్లీ కట్ట విషయమై 2013లో సుప్రీంకోర్టు, వర్షకాలములో జూలై 1 మొదలు అక్టోబరు 28 వరకు దాని తలుపులు ఎత్తియుంచవలెనని తీర్పు చెప్పెను. తెలంగాణవారు 2019లో మేడిగడ్డ వద్ద బ్యారేజి తెరచిరి. 2023 అక్టోబరులో దాని స్తంభములు కొన్ని క్రుంగినవి. ఇసుక మీద కట్టుట ఎంత జాగ్రత్తగా చేయవలసిన పనియో, ఎంత యంత్రబలమున్నను ఈ నది మరల చూపినది. 2015లో పట్టిసీమ వద్ద ఎత్తిపోతలు పెట్టి వరద నీటిని కృష్ణకు పంపుట ఆరంభించినప్పుడు మన రైతులు భయపడిరి. ఆ భయము అర్థములేనిది కాదు. గాని కృష్ణా డెల్టా శివారులోను మన విశ్వాసులే నాట్లు వేయుచున్నారు, వారికిని దప్పిక కలదు. మన ఎగువవాడు మనలను మరచుటను నిందించుచు, మన దిగువవాడిని మనము మరచుట ఎట్లు?

ఎక్కువ నీటి సంగతియు మరువరాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద పారినది. గట్లు తెగి కోనసీమ మునిగెను. 2022 జూలైలో 25 లక్షలకు పైగా పారినప్పుడు ఎగువన కూనవరము, వేలేరుపాడు మొదలైన మండలములలో ఇండ్ల కప్పులు మాత్రము కనిపించినవి. వారిలో అనేకులు పోలవరము జలాశయమునకు తమ ఊళ్లను అప్పగించవలసిన కోయ ప్రజలు. మనకు వేసవిలో మట్టము నిలుచుటకు ఏ జలాశయమును ఆశించుచున్నామో, దాని మట్టము వారి గడప మీదికి వచ్చును. పోలవరము కొరకు ప్రార్థించువారు వారి పునరావాసము కొరకును ప్రార్థించుట న్యాయము. ప్రార్థనతోనే ఆగక, వారికి రావలసినది వచ్చినదా అని అడుగుటయు న్యాయమే.

తక్కువ మందికి తెలిసిన అపాయము మరియొకటి కలదు. గోదావరి తెచ్చు ఎర్రనీరు ఊరక మురికి కాదు. ఆ ఒండ్రుతోనే మన డెల్టా పుట్టినది, దానితోనే నిలుచుచున్నది. ఎగువ జలాశయములలో ఒండ్రు దిగబడుటచేత, ఇరువదవ శతాబ్దపు చివరి భాగములో నది తెచ్చు మన్ను మునుపటి దానిలో సగముకంటె తక్కువకు పడిపోయెనని పరిశోధకులు కనుగొనిరి. మన్ను రాని డెల్టా మెల్లగా క్రుంగును, సముద్రము మెల్లగా పైకి వచ్చును. ఉప్పాడ వద్ద ఊరిని సముద్రము కోయుట మనము చూచుచున్నాము. వేసవిలో నదిలో మంచినీరు తగ్గినకొలది ఉప్పునీరు పాయలలో ఎగబ్రాకును. తీరపు ఊళ్లలో చేతిపంపు నీరు నోట పెట్టనియ్యదు. ప్రవక్తయైన యెహెజ్కేలు 47వ అధ్యాయములో దేవాలయమునుండి పారిన నదిని చూచెను. ఆ నది పోయిన చోటనెల్ల జీవము కలిగెను. ఆ దర్శనమంతటిలో మమ్మును నిలువబెట్టు చిన్న మాట ఒకటి కలదు. నది నీరు బాగుచేయని బురద నేలలు కొన్ని ఉప్పుకే విడువబడెను. మేము సెమినారీలో ఈ అధ్యాయమును చదివినప్పుడు ఆ మాటను వ్యాఖ్యానములలో చూచితిమి. శివారు సంఘములకు పరిచర్యకు వచ్చినపిమ్మట దానిని నేలమీద చూచితిమి.

మన చేతులలోనిది ఏదియు లేదా? కలదు. కాటన్ గారి కాలువలు పడవలు నడచునంత శుభ్రముగా ఉండెడివి. నేడు వాటిలో గుఱ్ఱపుడెక్క, తూడు పెరిగి, ఊరి చెత్తయంతయు పడుచున్నది. తలలో పది పాళ్లు విడిచిన నీరు శివారుకు ఎన్ని పాళ్లు చేరునో చూచినచో సిగ్గగును. మా ప్రాంతమున ఒక సంవత్సరము కాలువలు కట్టివేసిన మాసములో పూడిక తీసినట్లు లెక్క వ్రాయబడినది గాని కాలువ తీయబడలేదు. ఎవరి పని అని పేరు పెట్టము. ఆ వేసవిలో మా సంఘపు స్త్రీలు బిందెలతో ఎంత దూరము నడచిరో మేము చూచితిమి. కాలువకు రాత్రివేళ దొంగతూము పెట్టువాడు ఆదివారము ఉదయము మనతో కూడ పాట పాడుచుండవచ్చును. తూము పెట్టుటకు మట్టిపార చాలును. శివారువాడు నష్టపోవునది సంవత్సరపు తిండి.

ఇప్పుడు కాటన్ గారి జీవితపు చివరి భాగము. 1860 ప్రాంతమున ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయిరి. 1861లో సర్ బిరుదు వచ్చెను, పిమ్మట జనరలు పదవియు. ఏమి వచ్చినను ఆయన ధ్యాస మాత్రము ఈ దేశపు నీటి మీదనే. ముదిమిలోను భారతదేశపు కరువులను గూర్చియు కాలువలను గూర్చియు వ్రాయుచునే ఉండిరి. ఆయన కుమార్తె ఆయన చరిత్రను వ్రాసి, మరణించిన మరుసటి సంవత్సరము ప్రచురించెను.

డార్కింగు అను చిన్న పట్టణములో కాపురముండి, ఎనుబది దాటిన వయస్సులో పెరటి తోటలో గోధుమలు వేసిరి. నేలను లోతుగా త్రవ్వినచో ఒక గింజనుండి ఎన్ని కంకులు వచ్చునో, కొద్ది భూమిలో ఎంత పండునో లెక్కించి వ్రాసికొనుచుండిరి. నదిని కొలిచిన వారు చివరకు ఒక మడిని కొలుచుచు కూర్చుండిరి. 1899 జూలై 24న, 96 ఏండ్ల ప్రాయమున, ప్రభువునందు నిద్రించిరి. ధవళేశ్వరము వద్ద అది గోదావరిలో ఎర్రనీరు దిగు కాలము.